పీజీ గణిత ప్రవేశ పరీక్ష: సిద్ధాంతం వచ్చినా సమాధానం తప్పుతుంటే

నల్లగొండ మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలో డిగ్రీ చదివి, ఎమ్మెస్సీ గణితం కోసం సీపీగెట్‌కూ (తెలంగాణ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) జామ్‌కూ (ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) కలిపి సిద్ధమయ్యేవారికి ఎదురయ్యే ఇబ్బందులివి.

సమస్య: సిద్ధాంతాలు నిరూపణలతో సహా వచ్చు, సెమిస్టర్‌లో మంచి మార్కులే వచ్చాయి, అయినా జామ్ పాత ప్రశ్నపత్రంలో, ముఖ్యంగా ఒకటికి మించి సరైన జవాబులుండగల పది ప్రశ్నల విభాగంలో, మార్కులు రావడం లేదు.

కారణం: సెమిస్టర్ పరీక్షలో సిద్ధాంతాన్ని రాయమంటారు, ఇక్కడ దాని షరతుల్లో ఒకదాన్ని తీసేసి, లేదా సిద్ధాంతాన్నే తిరగేసి, ఇప్పుడూ నిజమేనా అని అడుగుతారు. శ్రేణి అభిసరిస్తే పదాలు సున్నాకు చేరతాయని చదివినవారు, పదాలు సున్నాకు చేరితే శ్రేణి అభిసరిస్తుందన్న జవాబునూ గుర్తించేస్తారు. 1/ఎన్ పదాల శ్రేణి అపసరిస్తుందన్న సంగతి ఆ క్షణంలో తట్టదు. సరైనవన్నీ, అవి మాత్రమే గుర్తిస్తేనే రెండు మార్కులు కాబట్టి, ఈ విభాగంలో సగం తెలిసిన సిద్ధాంతం అక్కరకు రాదు.

పరిష్కారం: నోట్‌బుక్‌లో ఎడమ పేజీన సిద్ధాంతం, కుడి పేజీన ఒక్కొక్క షరతు తీసేస్తే, లేదా సిద్ధాంతాన్ని తిరగేస్తే, అది చెడిపోయే ఉదాహరణ రాయండి. ఉపసమూహంలోని మూలకాల సంఖ్య పరిమిత సమూహంలోని మూలకాల సంఖ్యను భాగిస్తుందనే లాగ్రాంజ్ సిద్ధాంతానికి ఎదురుగా, నాలుగు వస్తువుల సరి ప్రస్తారాల సమూహంలో 12 మూలకాలున్నా 6 మూలకాల ఉపసమూహం లేదన్న సంగతి ఉండాలి. ఎందుకు లేదో మీ చేత్తోనే ఒకసారి తేల్చుకోవాలి. గైడ్లు వరుసగా తిరగేయడం కంటే ఇలాంటి ముప్పై ఉదాహరణలు సొంతంగా కూర్చుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. మిర్యాలగూడ నుంచో వనపర్తి నుంచో రోజూ బస్సులో తిరిగేవారు ఆ నోట్‌బుక్‌ను ఒడిలో పెట్టుకుని చూసుకోవచ్చు.

సమస్య: తెలిసినవన్నీ రాసినా మొత్తం తగ్గుతోంది.

కారణం, పరిష్కారం: సీపీగెట్‌లో తప్పు జవాబుకు కోత లేనందున ఏ ప్రశ్ననూ వదలని అలవాటు ఏర్పడుతుంది. జామ్ మొదటి విభాగంలో ఒక మార్కు ప్రశ్న తప్పితే 1/3, రెండు మార్కుల ప్రశ్న తప్పితే 2/3 పోతుంది. మిగిలిన రెండు విభాగాల్లో కోత లేదు. నాలుగింటిలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున మిగిలేది సున్నాయే కనుక, కనీసం ఒక జవాబునైనా కారణంతో కొట్టేయగలిగినప్పుడే గుర్తించండి.

సమస్య: తెలుగు మాధ్యమంలో చదివినవారు, లెక్క తెలిసీ ప్రశ్న దగ్గరే తడబడుతున్నారు.

పరిష్కారం: జామ్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. రోజుకు ఐదు ప్రశ్నలను తెలుగులో తిరగరాసుకుని, ఆ తరువాతే లెక్క మొదలుపెట్టండి. ‘అట్ మోస్ట్ టూ’ అంటే రెండు అని కాదు, రెండుకు మించవని. సున్నా కూడా అందులోకి వస్తుంది.