తావో సాధన, మూడో పాఠం: ఊపిరిని పొత్తికడుపు దాకా దిగనివ్వడం

మొదటి పాఠంలో చైనాలో పుట్టిన తావో మార్గం మన నుంచి ఏం కోరుతుందో చెప్పుకున్నాం. రెండో పాఠంలో నడుము, మెడ, మోకాళ్లు కుదుర్చుకుని కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాం. ఈసారి ఊపిరి. చైనాలో ఈ సాధన నేర్పేవాళ్లు ముందు ఒంటిని, తర్వాత ఊపిరిని, ఆ తర్వాత మనసును కుదుర్చుకోమంటారు. మధ్యలో ఉన్న ఈ మెట్టు దగ్గరే చాలామంది తొందరపడతారు. ఎంతసేపు బిగబట్టామా, ఎంత లోతుగా పీల్చామా అని చూసుకుంటారు. మనం నేర్చుకోబోయేది అది కాదు. ఊపిరిని మనం కిందికి తొయ్యం. అది దిగడానికి ఉన్న అడ్డు తీస్తాం, అంతే.

ప్రాచీన తావో గురువు చువాంగ్ త్సు పేరున ఉన్న గ్రంథం ఆరో అధ్యాయంలో ఒక మాట ఉంది: నిజమైన మనిషి మడమలతో ఊపిరి తీస్తాడు, మామూలు జనం గొంతుతో తీస్తారు. మడమల్లోకి గాలి ఎలా పోతుందని కొట్టిపారేయకండి. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడో, పిల్లల రిజల్ట్స్ తెరుస్తున్నప్పుడో, ట్రాఫిక్‌లో ఇరుక్కుని టెన్షన్ పడుతున్నప్పుడో ఒక్కసారి మిమ్మల్ని మీరు గమనించుకోండి. భుజాలు కాస్త పైకి లేచి ఉంటాయి. పొట్ట బిగుసుకుని ఉంటుంది. గాలి మెడ కిందే ఆడీ ఆడనట్టు ఆడుతుంటుంది. గొంతుతో ఊపిరి తీయడమంటే ఇదే. నిశ్చింతగా ఉన్నప్పుడు ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉంటుంది. పొత్తికడుపు, నడుము, తొడల దాకా ఒళ్లంతా వదులవుతుంది. ఆ నిజమైన మనిషి కలలు లేకుండా నిద్రపోతాడనీ, దిగులు లేకుండా లేస్తాడనీ కూడా అక్కడే రాసి ఉంది.

తావోకు ఆదిగురువుగా చెప్పే లావో త్సు అయితే ఏకంగా పసిబిడ్డను చూడమంటాడు. ఆయన పేరున ఉన్న తావో తె చింగ్ గ్రంథం పదో అధ్యాయంలో, చిని ఒకచోట చేర్చి, మెత్తబడి, పసిబిడ్డలా ఉండగలవా అని అడుగుతాడు. (చి అంటే మనం ప్రాణశక్తి అనేదానికి దగ్గరిది. మొదటి పాఠంలో వివరించాను.) 55వ అధ్యాయంలో మళ్లీ బిడ్డే వస్తుంది. ఎముకలు లేతవి, కండలు మెత్తనివి, పిడికిలి పట్టు మాత్రం గట్టిది. రోజంతా ఏడ్చినా గొంతు బొంగురుపోదు. ఆ అధ్యాయం చివర్లోనే మనకు కావలసిన వాక్యం ఉంది. మనసు చి మీద పెత్తనం చేస్తే అది బలవంతం అవుతుంది, అలా బలిసిపోయిందేదైనా ముసలిదైపోతుంది, అది తావోకు విరుద్ధం. ఈ పాఠంలో ఏ ఒక్కటి మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ వాక్యం మర్చిపోకండి.

ఇంట్లో నెలల బిడ్డ ఉంటే, నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి. ఛాతీ కదిలీ కదలనట్టు ఉంటుంది. పొట్ట మాత్రం హాయిగా లేస్తూ, పడుతూ ఉంటుంది. పక్కటెముకల అంచు దగ్గర మొదలైన కదలిక బొడ్డు దాటి డైపర్ అంచు దాకా పోతుంది. ఒక్కోసారి ఊపిరి విడిచాక కాస్త ఆగుతుంది. మళ్లీ తనంతట తనే మొదలవుతుంది. ఇలా తీసుకోమని ఆ బిడ్డకు ఎవరూ నేర్పలేదు. మనకూ ఒకప్పుడు ఇది వచ్చు.

ఇక ఊపిరి దిగాల్సిన చోటు సంగతి. దాన్ని దాన్‌తియెన్ అంటారు, అంటే ఇంగిలీకం (ఎర్రటి పాదరస ఖనిజం) పండే మడి. ఇంగిలీకం, పాదరసం, సీసం లాంటివి కాచి చావు లేని మందు చేయాలని చైనా రసవాదులు శతాబ్దాల పాటు పాటుపడ్డారు. టాంగ్ వంశపు చక్రవర్తుల్లో కొందరు ఆ మందులు మింగే ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. పొయ్యీ, పాత్రా, మందూ అన్నీ మన ఒంట్లోనే ఉన్నాయనే మార్గం రానురాను బలపడింది. దాన్నే నైదాన్, లోపలి రసవాదం అంటారు. వాంగ్ చోంగ్‌యాంగ్ (1113–1170) స్థాపించిన చుయెన్‌జెన్ శాఖ దీన్ని సన్యాసుల మఠాల్లో నిలబెట్టింది. బీజింగ్‌లోని తెల్లమేఘాల ఆలయం ఆ శాఖదే. ఈ రసవాదంలో మూడు సరుకులు ఉంటాయి: జింగ్ అనే జీవసారం, చి, షెన్ అనే చైతన్యం. సారం చిగా, చి చైతన్యంగా, చైతన్యం శూన్యంగా మారాలి. మొదటి మార్పు జరిగే చోటు పొత్తికడుపులో ఉన్న కింది దాన్‌తియెన్. గుండె దగ్గర ఒకటి, కనుబొమల మధ్య లోపల ఒకటి, ఇంకో రెండు ఉన్నాయి. ఇప్పుడు వాటి జోలికి పోవద్దు.

నాలుగో శతాబ్దపు చైనా రసవాది గె హోంగ్ ఈ చోటును బొడ్డు కింద 2.4 చున్‌లు అని కొలిచి చెప్పాడు. చున్ అంటే ఇంచుమించు బొటనవేలి వెడల్పు. బొడ్డు కింద మూడు వేళ్లు అడ్డంగా పెట్టుకోండి, అక్కడి నుంచి లోపలికి, చర్మానికీ వెన్నెముకకూ మధ్యలో అనుకోండి. గ్రంథాన్ని బట్టి కొలత కాస్త అటూ ఇటూ అవుతుంది, దాని గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అది మనసు ఆనించుకునే చోటు. అక్కడ వేరే అవయవం ఏమీ లేదు.

మొదలుపెడదాం. మొదటి వారం కూర్చోవద్దు, పడుకోండి. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు పైకి మడిచి, పాదాలు నేలకు ఆనించండి. ఇలా చేస్తే పొట్ట కండరాలు వాటంతట అవే వదులవుతాయి. కుడి అరచెయ్యి పొత్తికడుపు మీద, ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టండి. ముందు ఊపిరి వదలండి. ఇది చాలా ముఖ్యం. అందరూ పీల్చడంతో మొదలుపెడతారు, దాంతో భుజాలు లేస్తాయి. మీరు వదలడంతో మొదలుపెట్టండి. ముక్కుతోనే, చప్పుడు లేకుండా, నిదానంగా వదలండి. అయిపోయాక పీల్చాలని చూడకండి. ఒక్క క్షణం ఊరుకోండి. కావలసినప్పుడు గాలి దానంతట అదే లోపలికి వస్తుంది, కుడి అరచెయ్యి దానంతట అదే లేస్తుంది. ఆ కదలికను చేత్తో తెలుసుకోండి. ఎడమ చెయ్యి కదిలినా కంగారు పడకండి, కొన్ని రోజులకు అది సద్దుమణుగుతుంది.

పొట్టను కావాలని ఉబ్బించడం ఇక్కడ అందరూ పడే గోతి. దాన్ని ఉబ్బిస్తే కండరం పనిచేస్తుంది తప్ప ఊపిరి దిగదు. తేడా చిన్న పరీక్షతో తెలుస్తుంది. బొడ్డు చుట్టూ వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా తగిలితే మీరు తోస్తున్నారు. మెత్తగా ఉంటే అది తనే దిగుతోంది.

రెండో వారం నుంచి బాసింపట్టు వేసుకుని, పిర్రల కింద మడిచిన దుప్పటి పెట్టుకుని కూర్చోండి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కుర్చీ అంచున, పాదాలు నేల మీద ఆనేలా కూర్చుంటే చాలు. నాలుక కొస పైపళ్ల వెనక అంగిలికి తాకించండి. నోట్లో ఊరిన లాలాజలాన్ని ఉమ్మకండి, మెల్లగా మింగండి. తావో సాధకులు దానికి ఎంతో విలువ ఇస్తారు. కళ్లు పూర్తిగా మూస్తే నిద్ర వచ్చేవాళ్లు రెప్పలు కొంచెం తెరిచి ఉంచాలి. వదిలిన ప్రతి ఊపిరికీ ఒక అంకె లెక్కపెట్టుకోండి. పది దాకా వెళ్లి మళ్లీ ఒకటి. లెక్క తప్పితే విసుక్కోకుండా ఒకటి నుంచి మొదలుపెట్టండి. మొదట్లో పది నిమిషాలు చాలు, ఇరవైకి మెల్లగా చేరుకోండి. తిన్న వెంటనే వద్దు. తెల్లవారుజామున, పడుకునే ముందు మంచి వేళలు.

మనసును ఎంత గట్టిగా పొత్తికడుపు మీద నిలపాలి? దీనికి లావో త్సు ఆరో అధ్యాయంలో సమాధానం ఉంది. తెగకుండా సాగుతూ, ఉన్నట్టూ లేనట్టూ. ఎంత వాడినా అలసట లేకుండా. వేడుకలో ఆడుకుంటున్న పిల్లల మీద, మాటల్లో ఉన్న తల్లి చూపు ఎలా ఉంటుందో అలా ఉంచండి. చూస్తూ కూర్చోదు, మర్చిపోదు. గట్టిగా గురిపెడితే తలనొప్పి, దవడ బిగుతు వస్తాయి. బొత్తిగా వదిలేస్తే కునికిపాట్లు పడతారు.

టియాంజిన్ మ్యూజియంలో పన్నెండు ముఖాల చిన్న జేడ్ రాయి ఒకటి ఉంది. దాని మీద 45 అక్షరాల శాసనం, క్రీస్తుకు పూర్వం నాటిది. చిని నడిపించడం ఎలాగో అందులో ఉంది. లోతుకు పోతే నిండుతుంది, నిండితే సాగుతుంది, సాగితే దిగుతుంది, దిగితే నిలుస్తుంది, నిలిస్తే గట్టిపడుతుంది, గట్టిపడితే మొలకెత్తుతుంది. ఆ తర్వాతే పెరగడం, వెనుదిరగడం, పైకి ఆకాశం దాకా పోవడం. దిగి, నిలిచి, గట్టిపడ్డాకే మొలక. ఈ పాఠం నిలవడం వరకే. మొలక గురించి ఇప్పుడే ఆలోచించకండి.

ఊపిరి ఎంత పలచబడిందో తెలుసుకోవడానికి గె హోంగ్ ఒక గుర్తు చెప్పాడు. ముక్కు దగ్గర బాతు ఈక పెట్టుకుంటే, ఊపిరి వదిలినా ఆ ఈక కదలకూడదు. సాధన చివర్లో ఒక దూది పోగుతో మీరూ చూసుకోవచ్చు. మొదటిరోజు అది ఎగిరిపడుతుంది. నెల గడిచేసరికి ఉండీ ఉండీ వణుకుతుంది. అయితే గె హోంగ్ ఊపిరి బిగబట్టి 120 దాకా, చివరికి వెయ్యి దాకా లెక్కపెట్టమన్నాడు. అది మాత్రం చేయకండి. తర్వాతి నైదాన్ గురువులు బిగబట్టడం కంటే సహజమైన ఊపిరికే మొగ్గు చూపారు, నా ఓటూ వాళ్లకే. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, మానసిక సమస్యకు మందులు వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ పాఠం మొదలుపెట్టవద్దు. ఏ మందూ ఆపవద్దు.

ప్రాణాయామం చేసేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. పూరకం, కుంభకం, రేచకం లెక్కలతో చేసే అలవాటు మంచిదే. కానీ అక్కడ ఊపిరిని మనం నడిపిస్తాం, ఇక్కడ దాని వెనక నడుస్తాం. అందుకని రెండూ ఒకే కూర్చోవడంలో కలపకండి. పొద్దున అది, సాయంత్రం ఇది పెట్టుకోండి. కృష్ణా తీరాన ధాన్యకటకం చూసివెళ్లిన చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగే, స్వదేశం చేరాక టాంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద లావో త్సు గ్రంథాన్ని సంస్కృతంలోకి తెచ్చే పనిలో కూర్చున్నాడు. ఈ రెండు దారులు ఒకదాన్నొకటి ఎరగనివి కావు. అలాగని రెండూ ఒకటే అనుకుంటే రెంటికీ అన్యాయం చేసినట్టే.

స్త్రీలకు ఈ సంప్రదాయంలో వేరే మార్గమే ఉంది. వాంగ్ చోంగ్‌యాంగ్ ఏడుగురు ముఖ్య శిష్యుల్లో సున్ బుఅర్ (1119–1182) స్త్రీ. స్త్రీల కోసం తర్వాత వచ్చిన గ్రంథాలు మనసును మొదట రొమ్ముల మధ్య నిలపమంటాయి, పొత్తికడుపు దగ్గర కాదు. నెలసరి రోజుల్లో పొత్తికడుపు మీద ధ్యాస పెట్టకుండా ఊరికే కూర్చోండి.

కొన్ని వారాలకు అరచేతుల్లో వేడి, పొట్టలో గుడగుడ, తొడల్లో జలదరింపు, కింద ఏదో కదిలినట్టు అనిపించవచ్చు. చిన్నతనం నుంచి జబ్బు మనిషై, పెద్దయ్యాక క్షయ కూడా సోకిన జియాంగ్ వైచియావో అనే చైనా రచయిత 1900లో పట్టుబట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. కొన్ని నెలలకు పొత్తికడుపులో వేడి, కదలిక పుట్టి వెన్ను వెంట పైకి పోయాయని రాసుకున్నాడు. 1914లో షాంఘైలో వచ్చిన ఆయన పుస్తకం పాత రసవాద పరిభాషను పక్కనపెట్టి, శరీరపు గరిమనాభి లాంటి మాటల్లో ఈ సాధనను జనానికి చెప్పింది. ఆయన ఆ కదలికను లాగలేదు, అది వచ్చింది. ఇవాళ వీడియోల్లో వారం రోజుల్లో వెన్ను వెంట శక్తిని పైకి ఎక్కించి, ముందువైపు నుంచి దించి తిప్పడం నేర్పుతున్నారు. నాకు ఇది బాధ కలిగిస్తుంది. ఊహతో లాగితే తలలో ఒత్తిడి, నిద్ర పట్టకపోవడం, కారణం లేని కోపం, భయం వస్తాయి. చైనీయులు దీనికి పెట్టిన పేరు నిప్పు దారి తప్పడం, దయ్యం దూరడం. అలాంటివి మొదలైతే ఆ రోజే సాధన ఆపండి, కడుపునిండా తినండి, చెప్పుల్లేకుండా నేల మీద నడవండి, ఇంటిపని చేయండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పొట్టలో వేడి పుట్టడం మేలుకోవడం కాదు. ఎనిమిదో శతాబ్దంలో పోయిన తావో గురువు సిమా చెంగ్‌జెన్ ఊపిరి సాధన మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. అంత తెలిసినవాడు, ‘కూర్చుని మర్చిపోవడం’ అనే ధ్యానం గురించి రాసినప్పుడు ఏడు మెట్లు పెట్టాడు: శ్రద్ధ, బంధాలు తెంచుకోవడం, మనసును కూడదీసుకోవడం, పనులు తగ్గించుకోవడం, ఉన్నదున్నట్టు చూడడం, నిశ్చలత, తావోను అందుకోవడం. చిని తిప్పడం అందులో ఒక్క మెట్టు కూడా కాదు. మరి ఊపిరి ఎందుకు? చువాంగ్ త్సు నాలుగో అధ్యాయంలో కన్ఫ్యూషియస్ శిష్యుడికి మనసు ఉపవాసం నేర్పుతాడు. చెవులతో వినకు, మనసుతో విను. మనసుతోనూ వినకు, చితో విను. చి ఖాళీగా ఉండి వచ్చినదాన్ని అందుకుంటుంది, ఆ ఖాళీలోనే తావో చేరుతుంది. గొంతులో కొట్టుకుంటున్న ఊపిరితో ఆ ఖాళీ దొరకదు. అందుకే ముందు ఈ పని.

నాలుగో పాఠంలో అంకెలు వదిలేసి ఆ వినడం మొదలుపెడతాం. ఇరవై నిమిషాల్లో ఎక్కువసేపు పొత్తికడుపు మెత్తగా ఉండి, పీల్చాలన్న ఆలోచన లేకుండానే అది లేస్తూ పడుతూ ఉంటే అక్కడికి రండి. అంతవరకు ఇక్కడే, రోజుకు రెండు పూటలా కూర్చోండి.