మంచం పక్కన ఉండేవారికీ డ్యూటీ దిగే వేళ ఉండాలి

ముందుగా గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి కొనండి. దారంతో కట్టిన పెన్నుతో సహా దాన్ని రోగి మంచానికే వేలాడదీయండి. పెన్నును కట్టకపోతే రెండో రోజుకే మాయమవుతుంది. ఏ వార్డులోనైనా ఇదే కథ. మీ ఇంట్లో పక్షవాతంతోనో, కాన్సర్‌తోనో, మతిమరుపుతోనో మంచం పట్టిన మనిషి ఉంటే, వారిని చూసుకుంటూ మీరూ మంచం ఎక్కకుండా ఉండడానికి నేను చెప్పబోయేవన్నీ ఈ పుస్తకంతోనే మొదలవుతాయి.

నేను నెల్లూరులో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు మూలాపేటలోని మా ఇంట్లో నాకు ఒకే ఒక్క పేషెంటు, మా ఆయన. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, కోపం మాత్రం స్పష్టంగానే వస్తుంది. వార్డు నిండా పేషెంట్లను చూసిన దానికి ఒక్క మనిషి లెక్కా అని చుట్టాలు అంటుంటారు. లెక్కే. వార్డులో ఉదయం డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. దిగేముందు వచ్చే నర్సుకు మంచం మంచం దగ్గర నిలబడి ‘ఓవర్’ ఇస్తాం. ఎవరికి జ్వరం, ఎవరికి సెలైన్ నడుస్తోంది, ఎవరికి రక్తం ఎక్కించాలి, అన్నీ అప్పజెప్పేస్తాం. ఆ తర్వాత ఆ జ్వరం నా జ్వరం కాదు. చెప్పులేసుకుని బయటికి వచ్చేస్తాను. ఇంట్లో ఆ రెండు గంటలు ఎప్పటికీ కొట్టవు. మనుషులను అరగదీసేది పని బరువు ఒక్కటే కాదు, డ్యూటీ దిగకపోవడం. కాబట్టి ఇంట్లోనూ ఓవర్ పెట్టండి.

పుస్తకంలో ఎడమ పేజీ మారనిది. మందుల పేర్లు, ఎంత మోతాదు, తిండికి ముందా తర్వాతా, డాక్టరు ఫోను, పడని మందులు ఆ పేజీలో రాయండి. కుడి పేజీ రోజుకొకటి. ఏ మాత్ర ఎన్నింటికి ఇచ్చారు, ఏం తిన్నారు, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారు, విరేచనం అయిందా, బీపీ ఎంత, ఏ పక్కకు ఎప్పుడు తిప్పారు, నడుము కిందా మడమల దగ్గరా చర్మం ఎర్రబడిందా అన్నవి అందులో. పెద్ద పెద్ద వాక్యాలు అక్కర్లేదు. ‘2.00 ఎడమ’ అని రాస్తే చాలు. మీ బదులు కూర్చునే మనిషి మిమ్మల్ని ఏమీ అడగాల్సిన పని లేకుండా చేయడమే దీని ప్రయోజనం. మీరు పక్కగదిలో పడుకుని ‘ఆ మాత్ర నీలం డబ్బాలో ఉంది’, ‘ఆ గుడ్డ దండెం మీద ఉంది’ అని కేకేస్తూ ఉంటే అది విశ్రాంతి కాదు. కళ్లు మూసుకుని చేస్తున్న డ్యూటీ.

ఓవర్ ఇచ్చాక ఇల్లు దాటండి. ఎక్కడికైనా సరే. ట్రంకు రోడ్డు మీద నడిచి రండి, చెల్లెలింట్లో నిద్రపోండి. మీరు లేనప్పుడు జరిగేది మీరు చేసినట్టు జరగదు, జరగక్కర్లేదు కూడా. జావ చిక్కగా కాస్తారు, దుప్పటి వంకరగా పరుస్తారు, టీవీ గట్టిగా పెడతారు. తిరిగి వచ్చి తప్పులు పట్టారంటే ఆ మనిషి మళ్లీ రాదు. తప్పకూడనివి మూడే. మందుల మోతాదూ వేళా, ముఖ్యంగా ఇన్సులిన్. తినిపించేటప్పుడు తల, వీపు బాగా ఎత్తి కూర్చోబెట్టడం, తిన్నాక కనీసం అరగంట అలాగే ఉంచడం. లేకపోతే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. మూడోది, పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. ఈ మూడూ పక్కన నిలబడి చేయించి నేర్పండి. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేవారైతే ఆస్పత్రి నుంచి వచ్చేముందే, మీతో పాటు ఇంట్లో ఇంకొకరు కూడా నర్సు దగ్గర నేర్చుకోవాలి. ఒక్కరే నేర్చుకుంటే ఆ ఒక్కరికీ ఇక డ్యూటీ దిగడం ఉండదు.

ఓవర్ తీసుకునే మనిషి ఏరి? ఉంటారు. ‘ఏమైనా కావాలంటే చెప్పండి వదినా’ అని గుమ్మంలో అన్నవాళ్లందరూ ఉన్నారు. ఆ మాటను అక్కడే పట్టుకోండి. ‘ఆదివారం ఉదయం 10 గంటలకు వచ్చి సాయంత్రం 4 దాకా ఉండు’ అని వారం, వేళ, పని మూడూ చెప్పండి. ‘అప్పుడప్పుడూ వస్తూ ఉండు’ అంటే ఎవరూ రారు. మా ఆడపడుచు కావలి నుంచి ఆదివారాలు రైలెక్కి వస్తుంది. కందుకూరు మరిదిది డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి మందులు తెప్పిస్తాడు, రోజూ సాయంత్రం అరగంట వీడియోలో తండ్రితో మాట్లాడతాడు. ఆ అరగంట నేను ఆ గదిలోకి తొంగి చూడను. ఇక మగపిల్లలకు డైపర్ మార్చడం రాదనే మాట ఒకటి ఉంది. మేల్ నర్సులు మగవాళ్లే కదా, వాళ్లకు ఎలా వచ్చింది? నేర్పితే వచ్చింది.

ఒక చిట్కా చెబుతాను, నవ్వుకున్నా సరే. ‘నాకు అలసటగా ఉంది, ఒక రాత్రి సెలవు కావాలి’ అని కోడలు అడిగితే మన ఇళ్లలో నొసళ్లు ముడిపడతాయి. ‘జొన్నవాడ వెళ్లి కామాక్షమ్మ గుళ్లో ఒక రాత్రి నిద్ర చేసి వస్తాను, ఆయన కోసం మొక్కుకున్నాను’ అంటే అత్తగారే సంచి సర్దిపెడుతుంది. వెళ్లండి. పెన్న ఒడ్డున గాలి బాగుంటుంది, నిద్ర పడుతుంది. అమ్మవారు ఏమీ అనుకోదు.

నిద్ర విషయంలో మాత్రం నేను బేరాలాడను. రెండు గంటలకోసారి లేచే రాత్రుళ్లు వరసగా ఒక్కరే చేయడం ఎవరి వల్లా కాదు. అందుకే వార్డులో నైట్ డ్యూటీలు వంతులేసుకుంటాం. ఇంట్లో ఇద్దరు ఉంటే రాత్రిని సగం చేసుకోండి. ఒకరు రెండు దాకా, ఇంకొకరు ఆ తర్వాత. మీ వంతు కానప్పుడు వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. ఒక్కరే ఉంటే గాలి పరుపు అద్దెకు తెచ్చుకుని, దాని మీద రాత్రిపూట తిప్పడం మధ్య వ్యవధి కాస్త పెంచవచ్చా అని డాక్టరునే అడగండి. మీరుగా నిర్ణయించుకోవద్దు.

నడుము గురించి రెండు మాటలు. చంకల కింద చేతులు పెట్టి లాగవద్దు. భుజాల నుంచి తొడల దాకా వచ్చేలా మడతపెట్టిన దుప్పటి ఒకటి రోగి కింద ఎప్పుడూ పరిచి ఉంచండి, చెరో పక్కా ఇద్దరు పట్టుకుని జరపండి. మోకాళ్లు వంచండి, నడుము కాదు.

తిండి కూడా. రెండు వంటలెందుకని రోగి తినే చప్పిడి కూడే మీరూ తింటున్నారు, నాకు తెలుసు. ఉప్పు తగ్గించమని రాసింది ఆయన చీటీలో. వారానికోసారైనా పుల్లమామిడికాయ వేసి చేపల పులుసు పెట్టుకుని, కూర్చుని తినండి. మా ఆయన వాసన పట్టి అలుగుతాడు. అలగనీ.

ఇప్పుడు ఎవరూ పైకి అనని సంగతి. ‘ఈ మనిషి తొందరగా పోతే బాగుండు’ అన్న ఆలోచన వస్తుంది. వచ్చిన వెంటనే చెంపలేసుకుంటారు, నేనింత పాపినా అని రెండు రోజులు తిండి మానేస్తారు. వార్డు వరండాలో ఈ మాట నాతో ఎంతమంది అన్నారో లెక్కలేదు. ప్రాణం పెట్టి చూసుకున్న కూతుళ్లు, కన్నతల్లులు కూడా అన్నారు. అది పాపం కాదు. ఓవర్ ఇవ్వాల్సిన వేళ దాటిపోయిందని మీ ఒళ్లు చెబుతున్న కబురు. అయితే రోగిని కొట్టాలనిపించినా, మందో తిండో ఆపేయాలనిపించినా, మీరే చచ్చిపోతే బాగుండనిపించినా అది వేరు. ఆ రోజే ఎవరో ఒకరికి చెప్పండి. మంచం దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి ఫోను తీయండి. ఏ నంబరో కింద చెబుతాను.

డ్యూటీ దిగకుండా చేసి చేసి మనిషి ఇలా అడుగంటిపోయే స్థితికి ‘బర్నౌట్’ అని పేరు. దాన్ని పరిశోధన పత్రికల్లో మొదటగా వివరించినవారిలో ఒకరు న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. 1974లో ఆయన రాసింది ఒక ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా పనిచేసేవారిని చూసి, తనను తాను చూసుకుని. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో దీనికి మూడు గుర్తులు పెట్టింది. ఒంట్లో సత్తువ హరించుకుపోవడం, చేసే పని మీద మనసు విరిగి ఎడంగా, వెటకారంగా మారడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నామనిపించడం. ఇది జబ్బు కాదనీ, ఉద్యోగానికి సంబంధించిన స్థితి మాత్రమేననీ కూడా అందులో ఉంది. ఆ లెక్కన జీతం లేని మా ఇంటి డ్యూటీ అందులోకి రాదు. జీతం రాళ్లనే సరిహద్దుగా పెట్టుకోవడం నాకు నచ్చలేదు, కానీ ఆ మూడు గుర్తులూ ఇంటికి కూడా సరిగ్గా పనికొస్తాయి. వాటిలో రెండోదాన్ని గమనించండి. అలసట అందరికీ కనిపిస్తుంది. ‘నాన్నకు’ అనే చోట ‘దానికి’, ‘అక్కడ పడున్నదానికి’ అనే మాటలు దొర్లుతుంటే చూసుకునే మనిషి అడుగంటిపోయిందని అర్థం.

దిగులు, నిద్రలేమి, దేని మీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది అలసట కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. ‘నాకు పిచ్చా?’ అనుకుని సిగ్గుపడేవారికి ఇది సులువు, ఎందుకంటే ఎవరూ మిమ్మల్ని ఓపీ వరసలో చూడరు. నేరుగా వెళ్లగలిగితే నెల్లూరు పెద్దాసుపత్రిలోనూ, జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ఒంగోలు ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి.

డబ్బు సంగతి. పగటిపూట మనిషిని పెట్టుకునే స్తోమత లేదని చాలామంది అడగకుండానే వదిలేస్తారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి పింఛను నెలకు 15,000 రూపాయలు. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారికి 10,000. వైకల్య ధ్రువపత్రం, డాక్టరు కాగితాలు పట్టుకుని సచివాలయంలో అడగండి. తిప్పుతారు, ఓపిక పట్టండి, లేదా ఆ తిరుగుడు పని మరిదికి అప్పజెప్పండి. వచ్చిన డబ్బులో కొంత మందులకు కాక, వారానికి కొన్ని పూటలు మీ బదులు కూర్చునే మనిషికి అని పక్కన పెట్టండి. నా లెక్కలో అదీ మందు ఖర్చే.

నర్సు ఉద్యోగంలో ఉన్న చెల్లెళ్లకు, ఆశా అమ్మాయిలకు కూడా ఒక మాట. 2021 మే నెలలో, కరోనాకని కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం జనం బారులు తీరిన రోజుల్లో మేం కిట్లు తొడుక్కుని వార్డుల్లో ఉన్నాం. డ్యూటీ దిగాక నేరుగా ఇంటికి పోకుండా, ఎడంగా కుర్చీలు వేసుకుని ఆ రోజు పోయినవాళ్ల గురించి కాసేపు మాట్లాడుకునేవాళ్లం. ఉపన్యాసాలు లేవు, ధైర్యం చెప్పుకోవడాలు లేవు. ఎవరు ఏం చూశారో అదే. ఆ అలవాటు మానవద్దు. మాట్లాడనిది ఇంటికి వెళ్లి పిల్లల వీపు మీద పడుతుంది.

చివరగా, చూడడానికి వచ్చేవారికి. యుద్ధాల్లో, విపత్తుల్లో నలిగిన మనుషులకు ఆసరాగా నిలబడేవారి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక మార్గదర్శిని తెచ్చింది. దాని సారం మూడు పనులు: చూడు, విను, కలుపు. అవతలి మనిషికి ఏం అవసరమో చూడు, తొందరపెట్టకుండా విను, సాయం దొరికే చోటికి కలుపు. ‘ధైర్యంగా ఉండు’ అనమని అందులో లేదు, ‘మా మేనమామకూ ఇలాగే వచ్చి ఆరు నెలల్లో పోయాడు’ అనమనీ లేదు. కాబట్టి రోగిని పలకరించాక చూసుకునే మనిషి వైపు తిరిగి ‘నువ్వు రాత్రి నిద్రపోయావా?’ అని అడగండి. జవాబు వినండి. కాఫీ పెట్టించుకోకండి, వీలైతే మీరే పెట్టండి. ఉండగలిగిన రెండు గంటలు ఉండి ఆమెను బయటికి పంపండి. పుస్తకం మంచానికే కట్టి ఉంటుంది, చదువుకుంటే ఏం చేయాలో తెలుస్తుంది. బ్రెడ్డు ప్యాకెట్లు మాత్రం ఇక తేవద్దు. మా ఇంట్లో పోయిన వారం వచ్చినవే అలాగే ఉన్నాయి.