ఫోర్క్ తర్వాత బిగుసుకుపోయే వర్కర్లు: నా అనుభవం

పైథాన్‌లో రాసిన మా బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులో అప్పుడప్పుడూ ఒక వర్కర్ (పనులు చేసే విడి ప్రాసెస్) ఊరికే ఆగిపోయేది. క్రాష్ లేదు, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, సీపీయూ వాడకం సున్నా. రీస్టార్ట్ చేస్తే మామూలే. ఇలా ఎప్పుడో ఒకసారి వచ్చే సమస్యలే ఎక్కువ టెన్షన్ పెడతాయి.

ఆగిపోయిన ప్రాసెస్‌కి జీడీబీ (నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల చూపించే డీబగ్గర్) తగిలించి చూస్తే అది ఫ్యూటెక్స్ వెయిట్‌లో, అంటే ఏదో లాక్ (ఒకసారి ఒకరికే అందే తాళం) కోసం ఎదురుచూస్తూ ఉంది. ఆ లాక్ పట్టుకున్న థ్రెడ్ (ప్రాసెస్ లోపల విడిగా నడిచే పని వరస) మాత్రం ఆ ప్రాసెస్‌లో లేనే లేదు!

కారణం ఇదీ. ఫోర్క్ చేసినప్పుడు, అంటే ఒక ప్రాసెస్ తన నకలుగా పిల్ల ప్రాసెస్‌ని పుట్టించినప్పుడు, మెమరీ అంతా పిల్ల ప్రాసెస్‌కి వస్తుంది కానీ, ఫోర్క్‌ని పిలిచిన థ్రెడ్ ఒక్కటే వస్తుంది. మా పేరెంట్‌లో మెట్రిక్స్ (పనితీరు లెక్కలు) పంపే థ్రెడ్ సరిగ్గా ఆ క్షణంలో లాక్ తీసుకుని ఉంటే, పిల్లలో ఆ లాక్ మూసే ఉండిపోతుంది. తీసేవాళ్లు ఉండరు.

పరిష్కారంగా వరస మార్చాను: ముందు వర్కర్లన్నీ ఫోర్క్, ఆ తర్వాతే ఎవరి థ్రెడ్లు వాళ్లు మొదలుపెట్టుకోవడం. డేటాబేస్ కనెక్షన్లు కూడా ఫోర్క్ అయ్యాకే తెరుస్తున్నాం, లేకపోతే పేరెంట్, పిల్ల ఇద్దరూ ఒకే సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) మీద రాసేస్తారు. సర్వీసు నడుస్తుండగా కొత్త వర్కర్ కావాల్సివస్తే పైథాన్ మల్టీప్రాసెసింగ్ మాడ్యూల్‌లో స్పాన్ పద్ధతి (నకలు తీయకుండా కొత్త పైథాన్ ప్రాసెస్‌ని మొదటి నుంచి మొదలుపెట్టడం). మొదలవడం కాస్త నెమ్మదే, అయినా నాకు అదే నయమనిపించింది.

పైథాన్ 3.12 నుంచి థ్రెడ్లున్న ప్రాసెస్‌లో ఫోర్క్ చేస్తే డెప్రికేషన్ వార్నింగ్ (ఈ వాడకం ఇక మానుకోమనే హెచ్చరిక) వస్తుంది. దయచేసి దాన్ని దాచేయకండి.