పెళ్లి వీడియోల టైమ్ తప్పు చూపిస్తోందా? మార్చే ముందు ఒకసారి చదవండి

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే ఎడిటింగ్ కుర్రాళ్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు. “అన్నా, క్లిప్పుల టైమ్ మార్చాను, మళ్లీ తప్పే చూపిస్తోంది.” “అన్నా, టైటిల్ పెట్టాను, కనిపించట్లేదు.” “అన్నా, డేట్ 1904 అంటోంది.” అందరినీ నేను అడిగేది ఒకటే: మార్చకముందు ఫైల్లో ఏముందో చూశావా? చూసినవాడు ఇంతవరకూ నాకు ఫోన్ చేయలేదు. చూసి ఉంటే చేయాల్సిన అవసరం రాదు మరి.

కమాండ్ లైన్ తెరవడం, ఫోల్డర్లోకి వెళ్లడం, ఫైల్ పేరులో ఖాళీలుంటే కోట్స్ పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. కమాండ్లను ఫోన్లో చదివి చెప్పినట్టు తెలుగులోనే రాస్తున్నాను, టైప్ చేసేది ఎలాగూ ఇంగ్లీషు అక్షరాల్లోనే. కావలసిన సామాను: వీడియోను కొత్త ఫైల్‌గా మార్చి రాసే ఎఫ్ఎఫ్ఎంపెగ్, దానితోపాటే వచ్చి ఫైల్ వివరాలు చూపించే ఎఫ్ఎఫ్‌ప్రోబ్, ఫైల్ లోపలి తేదీలు, ట్యాగ్‌లు చదివి దిద్దడానికి ఫిల్ హార్వీ రాసిన ఎగ్జిఫ్‌టూల్. అన్నీ ఉచితమే.

అందరూ దాటేసే మొదటి మెట్టు

ఎగ్జిఫ్‌టూల్ -ఎ -జి1 -ఎస్ -టైమ్:ఆల్, ఆ తర్వాత ఫైల్ పేరు. ఇందులో జి మాత్రం పెద్దక్షరం. ఫైల్‌కు సంబంధించిన ప్రతి తేదీ, అది ఏ గుంపులోదో పక్కనే రాసి మరీ వస్తుంది.

అక్కడ సిస్టమ్ అన్న గుంపులో ఫైల్‌మోడిఫైడేట్ ఉంటుంది చూడండి, అది వీడియోది కాదు, హార్డ్ డిస్క్‌ది. ఫైల్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌తో సేవ్ చేసినా, క్లౌడ్ నుంచి దింపినా మారిపోతుంది. విండోస్‌లో “డేట్ మోడిఫైడ్” కాలమ్ చూసి “నేను మార్చింది పట్టలేదు” అనేవాళ్లంతా చూస్తున్నది దీన్నే. వీడియో లోపలి తేదీ కావాలంటే “మీడియా క్రియేటెడ్” అన్న కాలమ్ పెట్టుకోండి. లోపలి తేదీ కూడా ఒక్కటి కాదు. ఎమ్‌పీ4లో మొత్తం ఫైల్‌కు ఒక క్రియేట్‌డేట్, ప్రతి ట్రాక్‌కు ట్రాక్‌క్రియేట్‌డేట్, మీడియాక్రియేట్‌డేట్, వీటన్నిటికీ జతగా మోడిఫైడేట్‌లు ఉంటాయి. ఐఫోన్ ఫైలైతే కీస్ అన్న గుంపులో క్రియేషన్‌డేట్ అని ఇంకోటి. ఒకటి మార్చి మిగతావి వదిలేస్తే, వదిలేసినదాన్నే చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి కస్టమర్ దగ్గర కచ్చితంగా ఉంటుంది.

ఈ జాబితాను ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకుని, అప్పుడు పని మొదలుపెట్టండి. పని కూడా కాపీ మీదే, కార్డు నుంచి దించిన అసలు ఫైళ్ల మీద కాదు.

కమాండ్ ఒప్పుకోవడం లేదు, లేదా గంటలు పడుతోంది

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉన్న ఫైల్‌ను ఉన్నచోట దిద్దదు. కొత్త ఫైల్ రాస్తుంది. ఇన్‌పుట్ పేరే అవుట్‌పుట్‌కీ ఇస్తే రెండూ ఒకటేనని చెప్పి ఆగిపోతుంది. వేరే పేరివ్వండి.

గంటలు పడుతోందంటే -సి కాపీ మర్చిపోయారు. అది లేకపోతే మీ వీడియోను మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, క్వాలిటీ కూడా పోతుంది. ఉంటే, ఫైల్ కాపీ అయ్యేంత సేపట్లో అయిపోతుంది. ల్యాప్‌టాప్ ఫ్యాన్ గట్టిగా అరుస్తోందంటే వెంటనే కంట్రోల్ సి కొట్టండి.

డేట్ 1904 అంటోంది, లేదా అసలు లేదు

ఎమ్‌పీ4, ఎమ్‌ఓవీ ఫైళ్లలో టైమ్ అంటే 1904 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. అక్కడ సున్నా ఉంటే 1904 కనిపిస్తుంది. సున్నా ఎందుకొచ్చిందంటే, ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనంతట తాను మెటాడేటా (తేదీ, టైటిల్ లాంటి ఫైల్ వివరాలు) కాపీ చేసేటప్పుడు క్రియేషన్ టైమ్‌ను కావాలనే వదిలేస్తుంది. కొత్త ఫైల్ కదా, పాత పుట్టినరోజు దీనికెందుకు అని దాని వాదన. -మ్యాప్_మెటాడేటా 0 అని మీరు విడిగా చెబితేనే తెస్తుంది.

పనిలో పనిగా -మ్యాప్ 0 కూడా పెట్టండి. అది లేకపోతే ఒక వీడియో, ఒక ఆడియో మాత్రమే ఎంచుకుని మిగతావి పారేస్తుంది. పంతులుగారి కాలర్ మైక్ రెండో ట్రాక్‌లో ఉందనుకోండి, మంత్రాలన్నీ పోయినట్టే. ఆ సంగతి ఫైనల్ కట్‌లో గానీ తెలియదు.

టైటిల్ ఉంది, మిగతా ట్యాగ్‌లు మాయం

ఎమ్‌పీ4లో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు తెలిసిన పేర్లు కొన్నే: టైటిల్, ఆర్టిస్ట్, కామెంట్, కాపీరైట్, డిస్క్రిప్షన్ లాంటివి. “మండపం” అనో “ముహూర్తం” అనో మీ సొంత పేరు పెడితే చప్పుడు చేయకుండా పారేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. -మూవ్‌ఫ్లాగ్స్ యూజ్_మెటాడేటా_ట్యాగ్స్ పెట్టండి. ఐఫోన్ క్లిప్పుల్లోని లొకేషన్, టైమ్‌జోన్‌తో ఉన్న తేదీ కూడా ఇది లేకపోతే రీమక్స్‌లో, అంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కొత్త ఫైల్లోకి మార్చేటప్పుడు, ఎగిరిపోతాయి. ఆడియో భాష తెలుగు అని పెట్టాలంటే మూడక్షరాల కోడ్ టి-ఇ-ఎల్ వాడాలి. రెండక్షరాలు పెడితే ఎమ్‌పీ4 దాన్ని “తెలియని భాష” కింద జమ కడుతుంది.

క్లిప్పుల వరస తప్పింది, టైమ్ అయిదున్నర గంటలు అటో ఇటో ఉంది

అసలు గొడవ ఇక్కడే. పైవన్నీ ఎర్రర్ ఇస్తాయి, లేదా కంటికి కనిపిస్తాయి. ఇది మాత్రం సగం సాఫ్ట్‌వేర్లలో సరిగ్గా కనిపించి మిగతా సగంలో దొరికిపోతుంది. అదీ డెలివరీ అయ్యాక.

సింహాచలంలో పెళ్లి, సుముహూర్తం రాత్రి 2 గంటల 47 నిమిషాలు అనుకుందాం. రెండు పెద్ద కెమెరాలు, పెళ్లికూతురి తమ్ముడి ఫోన్. ఎమ్‌పీ4 లెక్క ప్రకారం లోపల రాయాల్సింది యూటీసీ టైమ్, అంటే మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక. ఫోన్‌కు టైమ్‌జోన్ తెలుసు కాబట్టి శనివారం 21:17 అని బుద్ధిగా రాస్తుంది. చాలా కెమెరాలు ఇక్కడ టైమ్‌జోన్‌ను పట్టించుకోవు. మీరు మెనూలో పెట్టిన టైమ్‌నే, ఆదివారం 02:47 అనే, యూటీసీ గడిలో రాసేస్తాయి. రెండూ ఒకే క్షణం, ఫైళ్లలో మాత్రం అయిదున్నర గంటల ఎడం.

ఉన్నది ఉన్నట్టు చూపించే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి టైమ్ ప్రకారం సార్ట్ చేయండి. ఫోన్లో తీసిన తలంబ్రాలు, కెమెరాలో తీసిన గౌరీపూజ కంటే ముందు వచ్చి కూర్చుంటాయి. యూటీసీని మన టైమ్‌లోకి మార్చి చూపించే విండోస్ “మీడియా క్రియేటెడ్”లో చూస్తే ఫోన్ సరిగ్గానే 2:47 అంటుంది, కెమెరా జీలకర్ర బెల్లం మాత్రం పొద్దున్న 8:17 అంటుంది. అప్పగింతలై అమ్మాయి వెళ్లిపోయాక జీలకర్ర బెల్లం అన్నమాట.

ఇక్కడ అందరూ చేసేది: మొదటి సాఫ్ట్‌వేర్ చూసి “ఓహో, అయిదున్నర తక్కువుంది” అని ఫోల్డర్ మొత్తానికి 5:30 కలిపేయడం. ఫోన్ క్లిప్పులు అక్కడ సరిపోయినట్టు కనిపిస్తాయి, కెమెరావి ఇంకా చెడిపోతాయి. రెండు రోజుల తర్వాత కస్టమర్ ఫోన్: “బాబూ, మా పెళ్లి మధ్యాహ్నం అయినట్టు చూపిస్తోందేంటి?” అప్పుడు తీసేయడం, మళ్లీ కలపడం. నాలుగోసారికి ఏ క్లిప్‌కు ఎంత కలిపారో వాళ్లకే తెలియదు.

ఇంకో ఉచ్చు ఎఫ్ఎఫ్‌ప్రోబ్ వేస్తుంది. అది ఏ ఎమ్‌పీ4 ఫైల్ చూసినా టైమ్ చివర జెడ్ అనే అక్షరం తగిలిస్తుంది, అంటే “ఇది యూటీసీ” అని. ఆ జెడ్‌ను నమ్మకండి. అది కెమెరా రాసింది కాదు, ఎఫ్ఎఫ్‌ప్రోబ్ పెట్టుకున్నది. ఫైల్లో ఉన్నది ఉత్త సెకన్ల సంఖ్య, అందులో టైమ్‌జోన్‌కు చోటే లేదు. తప్పు రాసిన కెమెరా ఫైల్‌కు కూడా అదే ధీమాతో జెడ్ తగిలిస్తుంది. టైమ్‌జోన్ నిజంగా రాసి ఉండేది ఐఫోన్ కీస్ గుంపులో, సోనీ కెమెరాలు క్లిప్ పక్కన పెట్టే ఎక్స్ఎంఎల్ ఫైల్లో. కార్డు దించేటప్పుడు “ఈ చిన్న ఫైళ్లెందుకు” అని అవతల పారేసేవి అవే.

మరి ఏ కెమెరా ఎలా రాసిందో తేల్చడం ఎలా? శుభలేఖ తీయండి. నిమిషాలతో సహా టైమ్ ప్రింట్ చేసి, ఆ నిమిషానికే పని జరిగే కార్యక్రమం మన పెళ్లిలో ఒక్కటే ఉంది. జీలకర్ర బెల్లం క్లిప్‌ను ప్రతి కెమెరాలోనూ వెతకండి. గట్టిమేళం మోగే చోట ఆడియో వేవ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చూడకుండానే దొరుకుతుంది. ఆ క్లిప్ లోపలి టైమ్‌ను ఉన్నది ఉన్నట్టు, మొదట చెప్పిన ఎగ్జిఫ్‌టూల్ కమాండ్‌తో చదవండి. శుభలేఖ టైమ్‌కు దగ్గరగా ఉంటే ఆ కెమెరా మన టైమ్ రాస్తోంది. అయిదున్నర గంటలు వెనకుంటే యూటీసీ రాస్తోంది. పన్నెండు గంటలు తేడా ఉంటే ఎవరో ఏఎమ్, పీఎమ్ తారుమారు చేశారు. చలికాలంలో పదకొండున్నర గంటలు వెనకుంటే అది డల్లాస్ నుంచి వచ్చిన బంధువు కెమెరా, గడియారం ఇంకా అక్కడే ఉంది.

నిమిషాల తేడాకు కంగారు పడకండి. క్లిప్ ముందే మొదలై ఉంటుంది, కొన్ని ఫోన్లయితే రికార్డింగ్ ఆపిన టైమ్ రాస్తాయి. మనం చూసేది గంటల తేడా. తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త. శుభలేఖలో “శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం” అని ఉంటుంది. క్యాలెండర్ తేదీ ఆదివారానిది వేసుకోవాలి.

ప్రీ వెడ్డింగ్ షూట్‌కు శుభలేఖ ఉండదు, కానీ వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంది. ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో సూర్యుడు నీళ్లలోంచి లేచే షాట్ లేకుండా ఎవరూ వదలరు. ఆరింటికి తీసిన ఆ షాట్ లోపలి టైమ్ 00:30 ఉంటే యూటీసీ, 06:00 ఉంటే మన టైమ్. 11:30 ఉందంటే ఎవరో మీకంటే ముందే దాని మీద ప్రయోగం చేశారు.

తేలాక దిద్దడం పెద్ద పని కాదు. అన్నిటినీ యూటీసీలోకే తేవాలి, ఫార్మాట్ కోరేది అదే. యూటీసీ రాసిన ఫోన్ క్లిప్పుల జోలికి వెళ్లొద్దు. మన టైమ్ రాసిన కెమెరా ఫైళ్లను వేరే ఫోల్డర్లో పెట్టి, వాటికి మాత్రమే అయిదున్నర తీసేయండి: ఎగ్జిఫ్‌టూల్ “-క్విక్‌టైమ్:క్రియేట్‌డేట్-=5:30”. ఇదే పద్ధతిలో మోడిఫైడేట్, ట్రాక్‌క్రియేట్‌డేట్, ట్రాక్‌మోడిఫైడేట్, మీడియాక్రియేట్‌డేట్, మీడియామోడిఫైడేట్ కూడా అదే కమాండ్‌లో వరసగా. ఆరూ మార్చాలి. తర్వాత -ఏపీఐ క్విక్‌టైమ్‌యూటీసీ కలిపి మళ్లీ చదవండి. కంప్యూటర్ మన టైమ్‌జోన్‌లో ఉంటే జీలకర్ర బెల్లం 02:47, పక్కన +05:30 అని రావాలి.

ఒకే కమాండ్‌ను రెండుసార్లు నడిపితే పదకొండు గంటలు పోతాయి. మధ్యలో ఆగిపోతే “మళ్లీ మొదటి నుంచి కొడదాం” అనుకోకండి. ఎగ్జిఫ్‌టూల్ ప్రతి ఫైల్ అసలు రూపాన్ని పేరు చివర _ఒరిజినల్ అని పెట్టి దాస్తుంది. -రిస్టోర్_ఒరిజినల్ కొట్టి వెనక్కి వచ్చి, అప్పుడు మళ్లీ నడపండి. డిస్క్ నిండుతోందని -ఓవర్‌రైట్_ఒరిజినల్ పెట్టేవాళ్లకు ఈ దారి ఉండదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో టైమ్ నేరుగా రాస్తుంటే -మెటాడేటా క్రియేషన్_టైమ్= తర్వాత తేదీ, టైమ్, చివర జెడ్ తప్పనిసరి. జెడ్ లేకపోతే దాన్ని ఆ కంప్యూటర్ లోకల్ టైమ్‌గా తీసుకుంటుంది. డాబాగార్డెన్స్‌లో మీ ఆఫీసు సిస్టమ్ మన టైమ్‌లో ఉంటుంది, అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్ సాధారణంగా యూటీసీలో. అదే స్క్రిప్ట్, అవే ఫైళ్లు, ఫలితంలో అయిదున్నర గంటల తేడా. ఆఫీసులో టెస్ట్ చేసి బాగుందని సర్వర్‌లో పెట్టేవాళ్లు ఇక్కడే పడతారు.

ఎప్పుడో ఒకసారి తగిలేవి

డేట్ సరిగ్గా 66 ఏళ్లు వెనకుంటే, ఆ ఫైల్ రాసిన సాఫ్ట్‌వేర్ 1904కు బదులు 1970 నుంచి లెక్కపెట్టింది. కొత్తగా రాసేయండి.

వాట్సాప్‌లో వచ్చిన క్లిప్‌లో షూట్ చేసిన టైమ్, లొకేషన్ వెతక్కండి, ఉండవు. డాక్యుమెంట్‌గా పంపమనండి.

వాట్సాప్ నుంచే కాపీ చేసిన కమాండ్ పనిచేయకపోతే వంకర కోట్స్, పొడుగు గీతలు చూడండి. చేత్తో మళ్లీ టైప్ చేస్తే సరి.

విండోస్ బ్యాచ్ ఫైల్లో తెలుగు టైటిల్ ప్రశ్న గుర్తులుగా వస్తే ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేసి, పైన సీహెచ్‌సీపీ 65001 పెట్టండి.

లినక్స్ లూప్‌లో మొదటి ఫైల్ తర్వాత ఆగిపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కమాండ్‌లో -నోఎస్‌టీడీఇన్ పెట్టండి.

ఎంకేవీని ఎగ్జిఫ్‌టూల్ చదువుతుంది గానీ రాయదు. ఎంకేవీప్రాప్‌ఎడిట్ వాడండి, అది ఉన్న ఫైల్‌నే దిద్దుతుంది.

పాత క్యామ్‌కార్డర్ ఎమ్‌టీఎస్ ఫైళ్ల కథ కూడా అంతే, చదవడమే. ఎమ్‌పీ4లోకి రీమక్స్ చేసి, చదివిన తేదీని యూటీసీలోకి మార్చి క్రియేషన్ టైమ్‌గా రాసుకోండి.