భూకంపంలో ఇల్లు దెబ్బతింటే సాయానికి దరఖాస్తు విధానం: విశాఖలో ఇల్లు మారదలచిన కుటుంబాలకు సూచనలు

విశాఖపట్నం 2016 నాటి భూకంప మండలాల పటంలో తీవ్రత తక్కువైన రెండో మండలంలో ఉంది. అయినా కేంద్రం గుర్తించిన విపత్తులలో భూకంపం ఉన్నందున, ఇక్కడ ఇల్లు దెబ్బతిన్నవారు కూడా రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి సాయం పొందవచ్చు. ప్రాణాపాయం ఉంటే ముందుగా 112కు గాని, 1077కు గాని ఫోన్ చేయాలి.

నష్టం జరిగిన వెంటనే వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పట్టా లేదా దస్తావేజు, ఇంటి పన్ను రసీదుల నకళ్లు జతచేయాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత వచ్చినట్లే నష్టగణన బృందం ఇంటికి వస్తుంది. అంతవరకు శిథిలాలు తొలగించకండి, పగుళ్లకు సిమెంటు పూయకండి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగిన పగులు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తే దాని వెడల్పు స్పష్టంగా తెలుస్తుంది. స్తంభాలు, దూలాలు చిట్లితే వాటిని బృందానికి తప్పక చూపించాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2022-26 నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా లేదా తీవ్రంగా దెబ్బతిన్న ఇంటికి రూ.1,20,000 ఇస్తారు, కనీసం 15 శాతం నష్టంతో పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి ఇచ్చేది రూ.6,500 మాత్రమే. బృందం రాసే ఆ ఒక్క మాటను బట్టే చాలా కుటుంబాలు అదే గోడల మధ్య ఉండిపోవాలో, వేరే చోటికి వెళ్లగలవో తేలుతుంది. అర్జీ పెట్టేనాటికి అమలులో ఉన్న రేట్లను సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఈ సాయం అనుమతి పొందిన కట్టడాలకే వర్తిస్తుంది. కొండవాలు కాలనీలలో పట్టా లేని కుటుంబాలకు అసలు చిక్కు ఇదే. నష్టం ఎక్కువగా జరిగే చోటే కాగితాలు తక్కువగా ఉండడం న్యాయం కాదని మా అభిప్రాయం. అద్దెకున్నవారికీ ఇంటి సాయం రాదు కాబట్టి, ఇల్లు పూర్తిగా కూలిపోతే దుస్తులకు, వంటసామానుకు కుటుంబానికి రూ.2,500 చొప్పున ఇచ్చే సాయాన్ని వారు విడిగా కోరాలి.

నేల కుంగినా, ఇంటి వెనుక కొండ జారినా, ప్రత్యామ్నాయ స్థలం కోరుతూ తహసీల్దారుకు వేరుగా అర్జీ ఇవ్వాలి. అయితే స్థలం ఎక్కడ ఇస్తారో, పనికి వెళ్లే దారి, పిల్లల బడి, నీటి వసతి ఎలా ఉంటాయో చూసుకోకుండా అంగీకార పత్రంపై సంతకం చేయవద్దు. 1993 సెప్టెంబరు 30 నాటి కిల్లారి భూకంపం తర్వాత మహారాష్ట్రలో 52 గ్రామాలను కొత్త స్థలాలకు తరలించినప్పుడు పొలాలు దూరమై రైతులు ఇబ్బంది పడ్డారు. 2001లో గుజరాత్‌లోని కచ్‌లో భూకంపం తర్వాత మాత్రం ఇంటి యజమానులకే విడతలుగా సొమ్ము ఇవ్వడంతో, ఎక్కువ గ్రామాలవారు ఉన్నచోటే ఇళ్లు కట్టుకున్నారు.

అర్హుల జాబితాలో పేరు లేకపోయినా, నష్టం తక్కువగా నమోదైనా, రసీదు, ఫొటోలతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో పునఃపరిశీలన కోరవచ్చు.