క్యాడ్‌లో కత్తి బ్లేడుకు బెవెల్ చేయడం ఎలా?

క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో త్రీడీ నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో, కత్తి బ్లేడు ఆకారం గీయడానికి పది నిమిషాలు చాలు. అసలు పనంతా బెవెల్ దగ్గరే. వెన్ను వైపు నుంచి పదును అంచు దాకా మందం తగ్గుతూ వచ్చే ఆ ఏటవాలు ముఖాన్ని చాలామంది ఛాంఫర్ (అంచును ఏటవాలుగా కోసే) కమాండ్‌తో చేయబోతారు. అంచు తిన్నగా ఉన్నంత వరకు ఇబ్బంది లేదు. మొన దగ్గర అంచు వంపు తిరిగాక మాత్రం ఎర్రర్ వస్తుంది. అక్కడ వంపు వ్యాసార్థం 15 మి.మీ. ఉండి, బెవెల్ 25 మి.మీ. లోపలికి వెళ్లాల్సి వస్తే ఆ ముఖం తన మీద తానే మడత పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అంచు వెంబడి స్వీప్ చేసినా (ఒక అడ్డుకోత ఆకారాన్ని గీత వెంట నడిపించినా) సరిగ్గా అదే చోట, అదే కారణంతో ఆగిపోతుంది.

బెవెల్‌ను రెండు గీతల మధ్య పరిచిన ముఖంగా చూడండి. కింది గీత పదును అంచు, పై గీత గ్రైండ్ లైన్, అంటే బెవెల్ మొదలయ్యే చోటు. ఈ రెండు గీతలూ సరిగా కుదిరితే ముఖం దానంతటదే కుదురుతుంది. ఫ్యూజన్, సాలిడ్‌వర్క్స్, ఫ్రీక్యాడ్, దేనిలోనైనా పద్ధతి ఇదే. కమాండ్ల పేర్లు మాత్రం కాస్త మారతాయి.

ముందు కొలతలు

ఉదాహరణకు బ్లేడు పొడవు 150 మి.మీ., వెడల్పు 30, మందం 4 అనుకుందాం. బెవెల్ వెడల్పు 25. పదును పెట్టక ముందు అంచు మందం 0.4. పిడి పక్కన 12 మి.మీ. బెవెల్ లేకుండా చదునుగా ఉంటుంది, దాన్ని రికాసో అంటారు.

ఒక్కో వైపు తీసేయాల్సిన లోహం (4 − 0.4) ÷ 2 = 1.8 మి.మీ. 1.8ని 25తో భాగిస్తే 0.072. ఈ ట్యాంజెంట్ విలువకు సరిపోయే కోణం సుమారు 4.1 డిగ్రీలు. మందం, అంచు మందం, బెవెల్ వెడల్పు, ఈ మూడింటినీ పారామీటర్లుగా (పేరు పెట్టి, తర్వాత మార్చుకోగల విలువలుగా) పెట్టుకోండి. కోణాన్ని విడిగా టైపు చేయకండి, ఆ మూడింటి నుంచే రానివ్వండి. లేకపోతే రేపు మందం 3కి మార్చగానే రెండు వైపుల కోతలూ మధ్యలో ఒకదాన్నొకటి దాటిపోతాయి, అంచు కరిగి బ్లేడు వెడల్పు తగ్గిపోతుంది.

1. బ్లేడు దిమ్మ

ఫ్రంట్ ప్లేన్ మీద బ్లేడు పక్క ఆకారం గీయండి. వెన్ను పైన, అంచు కింద. దానికి 4 మి.మీ. మందం ఇచ్చేటప్పుడు (ఎక్స్‌ట్రూడ్) తప్పకుండా సిమెట్రిక్, అంటే రెండు వైపులా సమానంగా, ఎంచుకోండి. అప్పుడు ఫ్రంట్ ప్లేన్ సరిగ్గా బ్లేడు మధ్యలో ఉంటుంది, తర్వాత మిర్రర్ చేయడానికి అదే ఆధారం.

అంచు వంపును ముక్కముక్కల ఆర్కులతో కాకుండా, తిన్నని గీతకు ట్యాంజెంట్‌గా (విరుపు లేకుండా) కలిసే ఒకే స్ప్లైన్‌తో, అంటే కొన్ని పాయింట్ల గుండా సాగే నున్నని వంపు గీతతో, గీయండి. స్ప్లైన్‌కు మూడు నాలుగు పాయింట్లు చాలు. ఎక్కువ పెడితే బెవెల్ మీద అలలు కనిపిస్తాయి.

2. రెండు గీతలు

మధ్య ప్లేన్ నుంచి 0.2 మి.మీ. దూరంలో దానికి సమాంతరంగా ఒక ఆఫ్‌సెట్ ప్లేన్, 2 మి.మీ. దూరంలో ఇంకొకటి పెట్టండి. మొదటి దాని మీద పదును అంచును ప్రొజెక్ట్ చేయండి. రెండోది బ్లేడు ముఖం మీదే ఉంటుంది, దాని మీద గ్రైండ్ లైన్ గీయండి. అంచు తిన్నగా ఉన్నంత మేర అది అంచుకు 25 మి.మీ. పైన సమాంతరంగా పోవాలి. వంపు మొదలయ్యాక మెల్లగా పైకి లేచి, మొనకు కాస్త ముందే వెన్నును దాటి బయటికి పోవాలి.

ఇలా వెన్నును దాటించడం వల్ల పెద్ద లాభం ఉంది. దాటిన చోట వెన్ను మందం 4 మి.మీ. అక్కడి నుంచి అది తగ్గుతూ మొన దగ్గర 0.4కు వస్తుంది. దీని బదులు ఒకే చదునైన ప్లేన్‌తో కోసేస్తే ఏమవుతుందో చూడండి: అంచు 10 మి.మీ. పైకి లేచిన చోట దాని మందం 0.4 + 2 × 10 × 0.072, అంటే 1.84 మి.మీ. అంచు 25 మి.మీ. లేచాక కోత అసలు తగలదు, మొన 4 మి.మీ. మొద్దుగా మిగిలిపోతుంది. గ్రైండర్ దగ్గర పనిచేసేవాళ్లు మొన వైపు వచ్చేసరికి పిడిని పైకెత్తేది ఇందుకే.

రెండు గీతల్నీ మొన దాటి 5 మి.మీ. పొడిగించండి. రెండింటిలోనూ ముక్కల సంఖ్య సమానంగా ఉండాలి: అక్కడ ఒక తిన్నని గీత, ఒక స్ప్లైన్ ఉంటే ఇక్కడా అంతే. తేడా ఉంటే లాఫ్ట్ (ఈ రెండు గీతల మధ్య పరిచే ముఖం) మెలి తిరుగుతుంది.

3. ముఖం, దాని నుంచి కట్టర్

రెండు గీతల మధ్య సర్ఫేస్ లాఫ్ట్ వేయండి. రూల్డ్ (గీతల్ని తిన్నని రేఖలతో కలిపే) ఆప్షన్ ఉంటే అదే వాడండి. తర్వాత దాన్ని పైకీ కిందికీ 2 మి.మీ. ఎక్స్‌టెండ్ చేయండి. సర్ఫేస్ సరిగ్గా బ్లేడు ముఖం గీత మీదే ఆగితే కోత అప్పుడప్పుడు విఫలమవుతుంది, లేదా వెంట్రుక మందం చీలిక ఒకటి మిగులుతుంది.

ఇప్పుడు సర్ఫేస్‌కు బయటి వైపుకు 10 మి.మీ. మందం ఇవ్వండి (థికెన్). కోయడానికి కట్టర్ దిమ్మ సిద్ధమైనట్టే. దాని పిడి వైపు చివర రికాసో గీత దగ్గరే ఆగాలి.

4. ప్లంజ్ గుండ్రం

బెవెల్ రికాసోను కలిసే చోటును ప్లంజ్ లైన్ అంటారు. అసలు కత్తిలో గ్రైండర్ బెల్టు అంచు అక్కడ గుండ్రని లోతు వదులుతుంది. ముందు కోసేసి, తర్వాత ఆ మూలకు ఫిల్లెట్ (మూలను గుండ్రం చేసే కమాండ్) పెట్టబోతే సాధారణంగా కుదరదు. అక్కడి గోడ ఎత్తు అంచు దగ్గర 1.8 మి.మీ., గ్రైండ్ లైన్ దగ్గర సున్నా. 5 మి.మీ. ఫిల్లెట్ ఆనడానికి చోటే లేదు.

అందుకే ఫిల్లెట్‌ను బ్లేడుకు కాదు, కట్టర్‌కు పెట్టండి. కట్టర్ 10 మి.మీ. మందం ఉంది కాబట్టి దాని పిడి వైపు చివర, బ్లేడును కోసే ముఖం మూలకు 5 మి.మీ. ఫిల్లెట్ హాయిగా కూర్చుంటుంది.

5. మిర్రర్, కోత

కట్టర్‌ను ఫ్రంట్ ప్లేన్ మీదుగా మిర్రర్ చేసి, రెండు కట్టర్లనూ బ్లేడు నుంచి సబ్‌ట్రాక్ట్ చేయండి (తీసివేయండి).

6. తనిఖీ

సెక్షన్ వ్యూ (అడ్డంగా కోసినట్టు చూపే దృశ్యం) పెట్టి నాలుగు చోట్ల కొలవండి: ప్లంజ్ పక్కన, బ్లేడు మధ్యలో, వంపు మీద, మొనకు 5 మి.మీ. వెనుక. ప్రతిచోటా అంచు 0.4 ఉండాలి. వంపు దగ్గర మందం పెరిగితే గీతల జత సరిగా కుదరలేదని అర్థం. ముఖం నునుపును చూపే జీబ్రా చారలు ఆన్ చేసి చూస్తే, తిన్నని భాగం వంపును కలిసే చోట విరుపు ఉంటే ఇట్టే తెలిసిపోతుంది.

హాలో గ్రైండ్ కావాలంటే

హాలో గ్రైండ్ అంటే గ్రైండర్ చక్రం వల్ల బెవెల్ ముఖం లోపలికి గుంతగా ఉండటం. దీనికి లాఫ్ట్ బదులు చక్రం వ్యాసార్థపు ఆర్కుతో కోయాలి. ఇక్కడ ఒక మోసం దాగి ఉంటుంది. 250 మి.మీ. వ్యాసం చక్రంతో, ఇవే కొలతలతో 25 మి.మీ. వెడల్పు బెవెల్ చేస్తే బ్లేడు అన్నిటికన్నా పలచగా ఉండేది అంచు దగ్గర కాదు, అంచుకు 3.5 మి.మీ. పైన. అక్కడ మందం 0.3 మి.మీ. మాత్రమే. స్క్రీన్ మీద చూస్తే తెలియదు, సెక్షన్‌లో కొలిస్తేనే బయటపడుతుంది. ఈ కొలతలకు బెవెల్ వెడల్పు 21 మి.మీ. దాటకపోతే ఈ ఇబ్బంది రాదు.

పదును బెవెల్

ఒక్కో వైపు 20 డిగ్రీల పదును పెడితే ఆ చిన్న బెవెల్ వెడల్పు 0.2ని 0.364తో భాగించినంత, సుమారు 0.55 మి.మీ. రెండర్ కోసమైతే దీన్నీ చేయండి, ఇంత సన్నని ముఖానికి స్వీప్ బాగానే పనిచేస్తుంది. వర్క్‌షాపుకు పంపే ఫైలులో మాత్రం వద్దు. హీట్ ట్రీట్‌మెంట్‌లో పలచని అంచు వంకర పోతుంది, పగుళ్లు కూడా రావచ్చు. అందుకే ఆ ఫైలులో అంచు మందం పారామీటర్‌ను 0.5 నుంచి 1 మి.మీ. మధ్యకు పెంచండి. త్రీడీ ప్రింట్ నమూనాకైతే అంచు కనీసం నాజిల్ వెడల్పు అంత, సాధారణంగా 0.4 మి.మీ. ఉండాలి. అంతకన్నా సన్నగా ఉంటే స్లైసర్ (నమూనాను ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) ఆ భాగాన్ని వదిలేయవచ్చు, అప్పుడు ప్రింట్‌లో అంచు కొరికినట్టు వస్తుంది.