రైతు బజార్లో అసలు లాభం దక్కాలంటే ఎలా కొనాలి

రైతు బజారుకి వెళ్లొచ్చి "ఏముంది, కిలోకి నాలుగైదు రూపాయలు తేడా, అంతేగా" అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఏం కొన్నారని అడిగి చూడండి, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యారెట్లు అంటారు. అవి ఎక్కడ కొన్నా దూరం నుంచి లారీల్లో దిగేవే. రైతు బజార్ అసలు లాభం చుట్టుపక్కల ఊళ్లలో పండి, నిన్న సాయంత్రం కోసి, తెల్లారేసరికి బజార్లో దిగిన కూరగాయల్లో ఉంది. వాటిని పట్టుకోవడం ఎలాగో చెబుతాను. నేను ఎక్కువగా తిరిగేది విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార బజార్లు, కానీ ఈ పద్ధతి మీ ఊళ్లోనూ పనికొస్తుంది.

ముందు ధర సంగతి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ బజార్లు మొదలుపెట్టిందే దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలని. ఏ రోజు ధర ఆ రోజు నిర్ణయించి బోర్డు మీద పెడతారు, అది హోల్‌సేల్ ధర కంటే ఎక్కువ, బయట రిటైల్ ధర కంటే తక్కువ ఉండేలా చూస్తారు. రైతుకి నాలుగు రూపాయలు ఎక్కువ రావాలి, మనకి నాలుగు రూపాయలు మిగలాలి, అదీ లెక్క. కాబట్టి లోపలికి వెళ్లగానే బోర్డు ఫోటో తీసుకోండి. ఎవరైనా ఎక్కువ చెబితే బోర్డు ధర గుర్తు చేయండి, తూకం మీద అనుమానం వస్తే బజారు ఎస్టేట్ ఆఫీసర్‌కి చెప్పండి. కానీ బోర్డు ధర మీద మళ్లీ బేరం ఆడకండి, దయచేసి. అర్ధరాత్రి లేచి బుట్టలు సర్దుకుని వచ్చిన మనిషి దగ్గర రెండు రూపాయలు తగ్గించుకుని మనం కట్టే మేడలేం లేవు.

టైము చాలా ముఖ్యం. ఆరున్నర, ఏడులోపు వెళ్లండి. ఆకుకూరలైతే మరీను, ఎనిమిది దాటితే ఎండకి తల వాల్చేస్తాయి. సాయంత్రం వెళ్తే కాస్త తగ్గించి ఇస్తారు కానీ పదిమంది ఏరగా మిగిలినవే దొరుకుతాయి.

ఇక రైతుని గుర్తుపట్టడం. బజార్లో కూర్చున్న వాళ్లందరూ పండించినవాళ్లే అనుకోకండి. ఒకే దగ్గర పదిహేను రకాలు, అన్నీ ఒకే సైజులో, మిలమిలలాడుతూ ఉంటే అది ఎక్కడో కొని తెచ్చిన సరుకే అయి ఉంటుంది. రైతు దగ్గర రెండో మూడో రకాలు ఉంటాయి, కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, ఆకుకూర వేళ్లకి మట్టి తడిగా ఉంటుంది. రైతులకి గుర్తింపు కార్డులు కూడా ఉంటాయి. అన్నిటికంటే తేలిక, "ఏ ఊరు, ఎప్పుడు కోశారు?" అని అడగడం. ఆనందపురం వైపు నుంచి వచ్చే ఒక మామ్మ దగ్గర నేను గోంగూర, ఆనపకాయలు కొంటాను. మొదటిసారి అలా అడిగితే "రేతిరి కోసేం తల్లీ, ఇదిగో సూడు" అని కాయ తొడిమ నా చేతిలో పెట్టింది. కోసిన చోట ఇంకా పచ్చిగా, జిగురు అంటుకునేలా ఉంది. ఇంకో రోజు పెద్ద కాయ తీస్తుంటే "అది వద్దమ్మా, ముదిరింది, పులుసుకీ పనికిరాదు" అని తనే పక్కన పెట్టేసింది. సూపర్ మార్కెట్లో ఈ మాట చెప్పేవాళ్లు ఎవరున్నారు చెప్పండి!

అందుకే ఇంట్లో చీటీ రాసుకుని వెళ్లకండి. ఆ రోజు ఏది దండిగా వచ్చిందో చూసి వంట అనుకోండి. దండిగా వచ్చిందంటే ధరా తక్కువే, రుచీ ఎక్కువే. వానలు గట్టిగా పడ్డ వారం ఆకుకూరలు కుళ్లిపోయి ధర పెరుగుతుంది, అప్పుడు కందకో చామదుంపలకో మారిపోండి. కార్తీక మాసంలో అందరూ కూరగాయల మీదే పడతారు కాబట్టి ఇంకాస్త ముందే వెళ్లాలి.

ఏరుకునేటప్పుడు: వంకాయ ముచ్చిక పచ్చగా ఉండి, సైజుకి తగ్గ బరువు లేకుండా తేలిగ్గా ఉంటే గింజ తక్కువ. ఆనపకాయ మీద సన్నటి నూగు కనిపిస్తే లేతది. దొండకాయలు సన్నగా, పచ్చగా ఉన్నవి తీసుకోండి, లావువి లోపల పండి ఎర్రగా ఉంటాయి. బెండకాయ కొనలు మాత్రం ప్రతిదీ విరిచి చూడకండి, మనం వదిలేసిన కాయలు ఇంకెవరూ కొనరు, నష్టం రైతుకే. ఒకటి విరిచి, అది కొనుక్కోండి.

రెండు గుడ్డ సంచులు తీసుకెళ్లండి, ఒకటి బరువైన కాయలకి, ఒకటి ఆకుకూరలకి. అన్నీ ఒకదాంట్లో కుక్కితే ఆటో దిగేసరికి టమాటాలు చితికి కొత్తిమీర నల్లబడుతుంది. చిల్లర కూడా ఉంచుకోండి, ఫోన్‌పే లేని ముసలివాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. ఇంటికి రాగానే ఆకుకూరల కట్టలు విప్పి, కడగకుండా, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. గోంగూర మాత్రం దాచకండి, ఆ పూటే వలిచి పప్పులో వేసేయండి.